తొంభై వేల జనాభా గల నగరం: పటాన్‌చెరు కాలుష్య వార్తల్లో సంఖ్య, ఛలం

వక్త ఉద్దేశించని అర్థాన్ని మాటకు అంటగట్టి వాదాన్ని తోసిపుచ్చడాన్ని గౌతముడి న్యాయసూత్రాలు వాక్ఛలం అన్నాయి. వాత్స్యాయన భాష్యంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 'నవకంబళుడు' అంటే కొత్త కంబళి గలవాడని వక్త భావం. ఉన్నది ఒక్కటే కదా, తొమ్మిది కంబళ్లేవని ప్రతివాది ఆక్షేపణ. నేటి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు ఔషధ కాలుష్యంపై వార్తలను చదవడానికి ఈ పాత పరికరం ఇంకా పదునుగానే ఉంది.

సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. రోజుకు దాదాపు 15 లక్షల లీటర్ల ప్రవాహానికి లెక్కిస్తే అది 45 కిలోలు. 2009 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ కథనం దీనిని తొంభై వేల జనాభా గల నగరంలో ప్రతి ఒక్కరికీ చికిత్స చేయగల మందుగా మార్చింది. భాగించి చూస్తే తలకు అర గ్రాము, అంటే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. పెద్దలకు సాధారణంగా రోజుకు రెండేసి చొప్పున కొన్ని రోజులు వాడిస్తారు. 'చికిత్స' అనే మాట బరువును ఆ సంఖ్య మోయలేదు. పైగా కొలిచినవి కొద్ది నమూనాలే. 'ప్రతిరోజూ' అనే మాట ఆ సంగతిని కప్పేసింది.

అయితే ఉపమానం తప్పినంత మాత్రాన కొలత తప్పదు. ఆ గాఢత కొన్ని బాక్టీరియాలకు హాని కలిగించే స్థాయికి వెయ్యి రెట్లు పైనే. వాగులో మందు తాగుతున్నవి సూక్ష్మజీవులు కాగా, కథనం మనుషులను లెక్కపెట్టింది. అసలు ప్రమాదం, అంటే మందుకు లొంగని క్రిములు పుట్టడం, ఆ లెక్కలో కనబడదు.

రెండో పక్షపు మాట మరింత నేర్పైనది: 'శుద్ధిచేసిన నీరు నిర్దేశిత పరిమితులకు లోబడే ఉంది.' పరిశోధకుడికి పరిమితి అంటే జీవికి హాని మొదలయ్యే స్థాయి. ఈ వాక్యంలో అది చట్టం రాసిన అంకె. యాంటీబయాటిక్ అవశేషాలకు చట్టంలో అంకే లేనప్పుడు దానిని అతిక్రమించడం అసాధ్యం. వాక్యం అబద్ధం కాదు, సమాధానమూ కాదు. అచ్చమైన నవకంబళమిది. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరి ముసాయిదాలో ఆ అంకెలను ప్రతిపాదించి, 2021 ఆగస్టు తుది ప్రకటనలో తొలగించింది. కాబట్టి 'పరిమితులకు లోబడి' అనే ప్రకటనను యథాతథంగా అచ్చువేసే విలేఖరి 'దేని పరిమితి?' అని అడగవలసిన అవసరం ఆ తర్వాత కూడా తీరలేదు.