గీత ఎటు పోవాలి?

సుకుమార్ తొలి సినిమా 'ఆర్య' (2004) మీద వాదన ఇంకా తెగలేదు. ఏమీ ఆశించని ప్రేమ అని కొందరు, వెంటపడి వేధించడమేనని కొందరు. ఇరువైపులా మాట ఆర్య గురించే. గీత సంగతి ఎవరికీ పట్టదు.

మేడ మీంచి దూకుతానని బెదిరించి అజయ్ ఆమెతో 'సరే' అనిపించుకుంటాడు. ఆర్య ఆ 'సరే' కూడా అడగడు. అందుకే ఆమె 'వద్దు' లెక్కలోకే రాదు. ఆర్య అల్లరికి అజయ్ ఉడుక్కుంటుంటే మనం నవ్వుతాం, నేనూ నవ్వాను. అదే మా చిత్తూరు జిల్లా పెద్దపంజాణి లాంటి చోట ఎవడన్నా ఇట్లా వెంటపడితే ముందు ఆగేది అమ్మాయి చదువే.

చివర్లో గీత ఆర్యనే కోరుకుంటుంది, నిజమే. మరి ఇద్దరూ వద్దనుకునే దారి ఆ కథలో ఎక్కడుంది?