పోడాగడ శాసనం: చరిత్రకు ఒక నక్షత్రపు గుర్తు

భాషాశాస్త్రంలో ఒక మంచి అలవాటు ఉంది. ఏ రాతలోనూ దొరకని మూలరూపాన్ని సోదర భాషల మాటలు పోల్చి కట్టుకున్నప్పుడు, దాని ముందు నక్షత్రపు గుర్తు పెడతాం. ఇది దొరికింది కాదు, మనం ఊహించి నిలబెట్టింది అని అర్థం. చరిత్ర రచనలో ఇటువంటి గుర్తు లేదు. ఆ లోటు గ్రహించడానికి కొరాపుట్, రాయగడ విద్యార్థులు దూరం పోనక్కరలేదు.

పోడాగడ ఉమర్‌కోట్ ప్రాంతంలోది. 1992లో అవిభక్త కొరాపుట్ నాలుగు జిల్లాలైనప్పుడు నవరంగపూర్‌లో చేరింది. అక్కడి శాసనం సంస్కృతంలో ఉంది. నలవంశపు భవదత్తుని కొడుకు స్కందవర్మ పోయిన రాజ్యలక్ష్మిని తిరిగి తెచ్చుకొని, పాడుపడిన పుష్కరిని మళ్ళీ నిలిపి, విష్ణువుకు పాదమూలం ఏర్పరచాడని దాని సారాంశం. కాలం ఆయన పాలనలో 12వ సంవత్సరం. ఏ శకమూ చెప్పలేదు.

మూలం ఇంతే. మిగిలినదంతా మన కట్టడం. లిపిని బట్టి క్రీ.శ. 5వ శతాబ్దం అన్నారు. పుష్కరిని పాడుచేసింది వాకాటకులన్నారు. ఈ మాటకు ఆధారం లేకపోలేదు: భవదత్తుని రిత్పూర్ తామ్రపత్రాలు వాకాటకుల రాజధాని నందివర్ధనం నుంచి వెలువడ్డాయి. కుంగిన తన వంశాన్ని ఎత్తినవాడని వాకాటక రెండవ పృథివీషేణుణ్ణి వారి శాసనం పొగుడుతుంది. అయితే పోడాగడ శాసనం శత్రువు పేరు చెప్పదు. 634 నాటి ఐహోళె శాసనం చాళుక్య కీర్తివర్మను నలులకు కాళరాత్రి అన్నది. లిపి అడ్డు రాకపోతే అదే ఖాళీలో చాళుక్యులనూ కూర్చోబెట్టవచ్చు.

నాణేల సాక్ష్యమూ అటువంటిదే. 1939లో బస్తరులోని అడేంగాలో దొరికిన 32 బంగారు నాణేలు వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి పేర్ల మీద ఉన్నాయి. స్కందవర్మది ఒక్కటీ లేదు. నాణెం దొరకనంత మాత్రాన రాజు లేడనలేం, చిన్నవాడనీ అనలేం.

ఇక పేర్ల సంగతి. ఒడియాలో 'పోడా' అంటే కాలినది. పాడుపడిన పుష్కరి, కాలిన గడ: అతుకు ఎంత చక్కగా కుదిరిందో! కాని కొండల్లో అడవి కాల్చి చేసే పోడు కూడా ఆ చెవికే వినబడుతుంది. ఊరిపేరు పాతరూపం రాతలో చూడనిదే వ్యుత్పత్తి చెప్పడం సాహసం. సముద్రగుప్తుని స్తంభశాసనంలోని ఎరండపల్లను ఫ్లీట్ ధ్వనిని నమ్మి ఖాందేశ్‌లోని ఎరండోల్ అన్నాడు. సిద్ధాంతం తామ్రపత్రాల్లో ఎరండపలి కనిపించాక అది కళింగానికి తిరిగివచ్చింది. చెవి తప్పిన చోట రాత సరిదిద్దింది. పుష్కరికీ అటువంటి బలం కొంత ఉంది. ఆ ప్రాంతంలోనే దొరికిన కేసరిబెడా పత్రాలను అర్థపతి పుష్కరి నుంచే ఇచ్చాడు. అయినా గుర్తు తీసేయడానికి అది చాలదు.

ఈ జాగ్రత్త మన విద్యార్థులకు మరీ అవసరం. ఇక్కడ నలులను తెలుగువారిని చేయాలనీ, ఒడియావారిని చేయాలనీ ఇరువైపులా ఉబలాటం కలగడం సహజం. రాజశాసనం సంస్కృతంలో ఉన్నది గనుక ప్రజల నోట ఏ భాష ఉండేదో అది చెప్పదు. కువి, సవర, గదబ మాట్లాడేవారి పూర్వులు ఆ రాతిమీద ఎక్కడా లేరు. మనం రాసే చరిత్రలోనూ వారికి చోటు లేకపోతే ఆ తప్పు రాతిది కాదు, మనది. వ్యాసం రాసేటప్పుడు ఊహించిన ప్రతి వాక్యం ముందూ ఒక నక్షత్రం గీయండి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకున్నాకే తీర్పు చెప్పండి.