పేరు చెప్పని నగదు

డిజిటల్ డబ్బు చరిత్రను బిట్‌కాయిన్‌తో మొదలుపెట్టడం అలవాటైపోయింది గానీ, ఆ చరిత్రలోని అన్నిటికన్నా లోతైన ఆలోచన అంతకు పాతికేళ్లకు పైగా ముందే, అమెరికన్ గూఢలిపి శాస్త్రవేత్త డేవిడ్ చామ్ రచనల్లో రూపుదిద్దుకుంది. డిజిటల్ మారుపేరు అంటే ఏమిటో 1981 నాటి ఆయన పత్రం నిర్వచించింది. ఒక వ్యక్తి తన దగ్గరే దాచుకున్న రహస్య తాళంచెవితో సంతకం చేస్తే, దానికి జత అయిన బహిరంగ తాళంచెవితో ఆ సంతకాన్ని ఎవరైనా సరిచూడవచ్చు; ఆ బహిరంగ తాళంచెవే అతని మారుపేరు. అసలు పేరు తెలియకపోయినా నిన్న రాసిన మనిషే నేడూ రాస్తున్నాడని రుజువవుతుంది కనుక, ఆ మారుపేరు మీద పరపతి సంపాదించుకోవడానికీ పోగొట్టుకోవడానికీ వీలుంటుంది.

ఈ ఆలోచననే చామ్ 1982లో డబ్బుకు విస్తరించాడు. బ్యాంకు ద్వారా జరిగే ప్రతి చెల్లింపూ ఎవరు, ఎవరికి, ఎప్పుడు ఇచ్చారన్నది పద్దుల్లో నిలిచిపోతుంది. కాగితపు నోటు మాత్రం చేతులు మారినా ఎవరి ఆనవాలూ మిగల్చదు. నోటుకున్న ఆ గుణాన్ని కంప్యూటర్‌లోకి తేవడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి గుడ్డి సంతకం. లోపల కార్బన్ పూసిన కవరులో చీటీ పెట్టి అంటించి ఇస్తే, బ్యాంకు కవరు మీద చేసిన సంతకం లోపలి చీటీ మీద పడినట్టే, ఖాతాదారు తన నాణెం క్రమసంఖ్యను ఒక యాదృచ్ఛిక సంఖ్యతో కప్పి పంపితే బ్యాంకు చూడకుండానే సంతకం చేసి, అతని ఖాతాలో ఆ మొత్తం తగ్గిస్తుంది. కప్పును తీసివేశాక కూడా సంతకం చెల్లుతుంది. ఆ నాణెం దుకాణదారు ద్వారా తిరిగి వచ్చినప్పుడు అది తనదేనని బ్యాంకు గుర్తిస్తుంది గానీ, ఎవరికి ఇచ్చిందో చెప్పలేదు.

అయితే సంఖ్యను నకలు తీయడం క్షణాల పని కాబట్టి, ఒకే నాణేన్ని ఇద్దరికి ఇవ్వకుండా ఆపాలి. ఖర్చైన క్రమసంఖ్యల జాబితాను బ్యాంకు ఉంచుకుని, ప్రతి నాణేన్నీ అప్పటికప్పుడు సరిచూడటం ఒక దారి. 1988లో చామ్, ఆయన సహ రచయితలు ఫియట్, నావోర్ అంతకన్నా అందమైన దారి చూపారు: ప్రతి నాణెంలోనూ యజమాని గుర్తింపు ముక్కలై దాగి ఉంటుంది, ఒకసారి ఖర్చు చేస్తే బయటపడే ముక్కలు దేన్నీ తెలియజేయవు, రెండోసారి ఖర్చు చేస్తే మాత్రం రెండు విడతల ముక్కలూ కలిసి దాదాపు తప్పకుండా మోసగాడి పేరు చెబుతాయి. నిజాయితీపరుణ్ణి కాపాడే తెరే మోసగాణ్ణి పట్టించడం, ఏ చట్టమూ ఇంత సూటిగా సాధించలేని న్యాయం.

చామ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థాపించిన డిజీక్యాష్ సంస్థ నాణేలను 1995లో సెయింట్ లూయిస్‌లోని మార్క్ ట్వైన్ బ్యాంకు నిజమైన డాలర్లకు జారీ చేసింది. 1998లో సంస్థ దివాలా తీసింది. వ్యవస్థ అంతా జారీదారు మీద, బ్యాంకుల అంగీకారం మీద ఆధారపడినందున, సంస్థ పోయాక నాణేలూ నిలవలేదు. ఆ ఆధారమే లేని డబ్బు దిశగా 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్, 1998లో వెయ్ దాయ్ బీ-మనీ, 2004లో హాల్ ఫిన్నీ తిరిగి వాడుకోగల పని రుజువులు ఒక్కో మెట్టుగా నిలిచాయి. చివరకు 2008 అక్టోబరు 31న, నేటికీ అసలు మనిషెవరో తేలని సతోషి నకమోటో అనే మారుపేరుతో బిట్‌కాయిన్ పత్రం వెలువడింది.

బిట్‌కాయిన్ జారీదారును తొలగించి ఒక గొప్ప చిక్కును విప్పింది, కానీ అందుకు చామ్ సాధించిన గోప్యతను వదులుకోవలసి వచ్చింది. ఇక్కడ చెల్లింపులన్నీ ఎవరైనా చదవగల చిట్టాలో శాశ్వతంగా ఉంటాయి, వ్యక్తి పేరు స్థానంలో చిరునామా మాత్రమే కనిపిస్తుంది. అందుకే ప్రతి లావాదేవీకీ కొత్త తాళంచెవుల జత వాడాలని నకమోటో పత్రమే సలహా ఇస్తూ, పలు చిరునామాల సొమ్మును కలిపి ఒకే చెల్లింపు చేసినప్పుడు అవన్నీ ఒకే యజమానివని వెల్లడవుతుందని, వాటిలో ఒక్క దాని యజమాని తెలిసినా మిగతా లావాదేవీలూ అతనివేనని తేలిపోవచ్చని హెచ్చరించింది.