ముప్పై అయిదు వాట్ల నేర్పు

ఏదో ఆఫీసు వదిలించుకున్న చిన్న డబ్బాను బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏరి తెచ్చి, రామసముద్రం ఇంట్లో పనికొచ్చే కంప్యూటరుగా నిలబెట్టే మెకానిక్ చేతిపని చూసి తీరాలి. ఏరడంలోనే సగం నేర్పుంది. ఇంటెల్ చిప్పు పేరు చివర 'టీ' ఉందా అని చూస్తాడు. అలాంటివి చాలావరకు 35 వాట్లవి, మామూలువి 65. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, వడ్లగింజంత కొత్తది పెడతాడు. ఎక్కువైతే పక్కలకు కారుతుంది, తక్కువైతే వేడి దిగదు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ బిగిస్తాడు. డబ్బాకు ప్రాణం లేచొచ్చేది అక్కడే! పెన్‌డ్రైవు నుంచి లుబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాడు, లైసెన్సుకు పైసా అక్కర్లేదు. తెలుగు కీబోర్డు కలిపి, అక్షరాలు సరిగా పడుతున్నాయో లేదో తానే కొట్టి చూస్తాడు. మామూలు పనికి మానిటర్‌తో కలిపినా పాత సీలింగ్ ఫ్యానంత కరెంటు తాగదు. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద పిల్ల డిగ్రీ పాఠం ఆగదు, నాన్న మదనపల్లె టమోటా ధర చూసుకోవడమూ ఆగదు.