నడుం వాలిందా?

మన ఇళ్లలో ‘కాసేపు నడుం వాలుస్తాను’ అంటాం. రోజంతా క్లాసుల్లో నిలబడి ఇంటికొచ్చి నేనూ ఆ మాటే అనేదాన్ని. నిజంగా నడుం వాలడం లేదని తెలిసింది మాత్రం యోగా క్లాసులో చేరాకే.

శవాసనం వేసిన రెండు నిమిషాలకే నడుం లాగేసేది. ఒకరోజు మా టీచరు పాత చీరల బొంతను చుట్టగా చుట్టి నా మోకాళ్ల కిందకు తోశారు. అంతవరకూ విల్లులా లేచి ఉన్న నడుం మెల్లగా నేలకు దిగింది. అన్నాళ్లూ ఒళ్లు బిగబట్టుకునే పడుకున్నానని అప్పుడు తెలిసింది.

ఇలా ఆసరాతో వేసే ఆసనాలనే ఇప్పుడు రెస్టోరేటివ్ యోగా అంటున్నారు. దీని మూలం పుణెలో ఉంది. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని తర్వాత ఒకటి పీడించిన బి.కె.ఎస్. అయ్యంగార్ అక్కడే యోగా నేర్పేవారు. ఒళ్లు సహకరించనివాళ్లకూ ఆసనం అందాలని ఆయన దిండ్లు, దుప్పట్లు, కుర్చీలు, తాళ్లు వాడారు. ఆయన దగ్గర నేర్చుకున్న అమెరికన్ జుడిత్ హాన్సన్ లాసటర్ ఆ పద్ధతిని విశ్రాంతి కోసమే మలిచి, 1995లో పుస్తకంగా తెచ్చారు.

నాకు బాగా ఇష్టమైనది సుప్త బద్ధ కోణాసనం. వీపు కింద నిలువుగా దిండు పెట్టుకుని, అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లను పక్కలకు వాల్చాలి. చాలామంది అక్కడితో సరిపెట్టేస్తారు. మోకాలికీ నేలకీ మధ్య జానెడు ఖాళీ మిగిలితే తొడ లోపలి కండరం ఆ బరువు మోస్తూనే ఉంటుంది, కాసేపటికి సన్నగా వణుకుతుంది. ఆ ఖాళీలో మడతపెట్టిన దుప్పటి దూరిస్తే వణుకు ఆగిపోతుంది. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు కదలనక్కర్లేదు. ఊపిరి నిదానిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది. ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి పైన పల్చటి దుప్పటి కప్పుకోవాలి.

దిండు పెట్టుకుంటే అది ఆసనమే కాదనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. అలసిన ఒంటికి ఆసరా ఇవ్వడం తక్కువతనం ఎలా అవుతుంది?

గోడకు కాళ్లు ఆనించి వేసే విపరీత కరణి కూడా ఇంట్లో తేలికే. కానీ గ్లకోమా, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వేయొద్దు.

ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు నిలబడే మనిషిని చాప మీద పడుకోమనండి. మోకాళ్ల కింద బొంత మాత్రం మీరే పెట్టండి.