ప్రీమో లేవీ ‘ఆవర్తన పట్టిక’

‘ఆవర్తన పట్టిక’ అను పేరు చూచి, ఇది రసాయనశాస్త్ర వాచకమని తెరచిన విద్యార్థికి మొదటి పుటలలోనే ఆశాభంగము కలుగును. ఇందు పట్టిక లేదు, పరమాణు సంఖ్యల వరుస లేదు. అధ్యాయములు 21. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మూలకము పేరు. మొదటిది 18వ మూలకమైన ఆర్గాన్, చివరిది 6వ మూలకమైన కర్బనము. ఇటలీలోని ట్యూరిన్ నగరమున 1919లో జన్మించిన ప్రీమో లేవీ వృత్తిచే రసాయనికుడు. రంగులు, వార్నిష్‌లు చేయు కర్మాగారమున ఏండ్ల తరబడి పనిచేసినవాడు. 1975లో ఇటాలియను భాషలో వెలువడిన ఈ గ్రంథమున అతడు తన బ్రతుకునే మూలకముల పేర విభజించి చెప్పెను. సీసము, పాదరసము అను అధ్యాయములు మాత్రము యౌవనమున అల్లిన కల్పిత కథలు. అవి లేకున్నను గ్రంథమునకు లోటు లేదు.

మరి మెండలీఫ్ 1869లో ప్రకటించిన పట్టికను గూర్చి దీనివలన ఏమైన తెలియునా? తెలియును. ‘పొటాషియం’ అధ్యాయము చదువవలెను. 1941లో, విద్యార్థిగా నున్న లేవీకి బెంజీనును శుద్ధిచేయు పని అప్పగింపబడెను. తడి పోవుటకు దానిని సోడియముతో స్వేదనము చేయవలెను. సోడియము దొరకలేదు. పట్టికలో అదే నిలువువరుసన, దాని క్రింది గడిలో నున్న పొటాషియం దొరకినది. గుణములు ఇంచుమించు ఒకటే కదా యని అతడు దానినే వాడెను. పని చక్కగా ముగిసినది. కుప్పెను కడుగుటకు నీరు పోయగానే, అడుగున అంటియున్న చిన్న తునక భగ్గుమని, కిటికీ తెరలకు నిప్పంటుకొనెను. సోడియమైనచో ఆ కాస్త మిగులుకు అంత అనర్థము జరిగెడిది కాదు. పొటాషియం పరమాణువులో వెలుపలి ఎలక్ట్రాను కేంద్రకమునకు మరింత దూరముగా, మరింత వదులుగా నుండును. అందుచే నీటితో దాని చర్య తీవ్రమై, వెడలిన ఉదజని అప్పుడే మండును. ఒకే వరుసలోని మూలకములు పోలియుండునని వల్లెవేసిన విద్యార్థికి, ఆ పోలిక ఎంతవరకో ఈ నాలుగు పుటలు చెప్పినట్లు ఏ వాచకమును చెప్పదు.

‘యశదము’ అధ్యాయము అంత తృప్తినీయదు. శుద్ధమైన యశదము ఆమ్లమునకు లొంగదు, కల్తీయున్నచో కరగును. ఇది నిజమే. మాలిన్యముగా నున్న లోహమునకును యశదమునకును నడుమ చిన్న విద్యుత్ ఘటములు ఏర్పడుటయే దానికి కారణము. లేవీ ఆ కారణము జోలికి పోక, ఉపమానమునకు మరలెను. 1938లో ఇటలీ ప్రభుత్వము జాతి చట్టములు చేసి యూదులను మలినముగా ఎంచిన దినములవి, లేవీ యూదుడు. కావున ఆ ఉపమానము అతనికి ఊరక తోచినది కాదు. అయినను శాస్త్రము చెప్పదగిన చోట ఒక్క వాక్యము చెప్పియుండవలసినది.

మూలకములను కనుగొన్నవారి చరిత్రకై దీనిని నమ్ముకొనరాదు. సీరియము పేరును గూర్చి చెప్పుచు, ఆ లోహమును, సీరిస్ అను గ్రహశకలమును 1801లోనే కనుగొన్నారని లేవీ వ్రాసెను. పియాజ్జీ సీరిస్‌ను చూచినది 1801లోనే గాని, బెర్జీలియస్, హిసింగర్‌లు స్వీడనులోను, క్లాప్రోత్ జర్మనీలోను సీరియమును గుర్తించినది 1803లో.

ఈ పొరపాటున్న అధ్యాయమే గ్రంథమున కెల్ల మిన్న. 1944లో ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరమున బందీయై, అక్కడి ప్రయోగశాలలో పనిచేయుచు, లేవీ కొన్ని బూడిదరంగు కడ్డీలను దొంగిలించెను. అవి ఏ పదార్థమో తెలియదు. కత్తితో గీయగా నిప్పురవ్వలు రాలినవి. అంతట అది ఇనుము, సీరియముల మిశ్రలోహమని, సిగరెట్టు లైటర్ల రాయి ఇదేయని తెలిసెను. అతడును, మిత్రుడు ఆల్బర్టోయు రాత్రివేళ దుప్పటి క్రింద ఆ కడ్డీలను సన్నగా చెక్కి, రొట్టెకు మార్చుకొనిరి. రష్యను సేనలు 1945 జనవరి 27న శిబిరమును చేరువరకు లేవీ ప్రాణము నిలిచినది. శిబిరమునుండి నడిపించుకొనిపోబడిన ఆల్బర్టో తిరిగి రాలేదు. గుణములను చూచి పదార్థమును గుర్తించుట పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇచ్చట దాని విలువ రెండు నెలల తిండి.

‘కర్బనము’ అధ్యాయము ఒక్క పరమాణువు కథ. అది సున్నపురాతినుండి బట్టీలో వెడలి, గాలిలో తేలి, ద్రాక్షాకు చేరి, చివరకు వ్రాయుచున్నవాని మెదడునకు వచ్చును. కిరణజన్య సంయోగక్రియను ఇంత తేటగా చెప్పిన రచనలు అరుదు. పాఠకుడు ఒక్క అంకె మాత్రము దిద్దుకొనవలెను: గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.03 శాతమని లేవీ చెప్పెను, నేడది 0.04 శాతము దాటినది.