సంతోషం ఇవ్వని కాగితాలు

ఇల్లు సర్దుకోవడం గురించి జపాన్ రచయిత్రి మారీ కోండో రాసిన పుస్తకం 2011లో వచ్చింది. 2014లో ఇంగ్లీషులోకి వెళ్లాక దేశదేశాల్లో అమ్ముడుపోయింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని కార్యక్రమంగా కూడా తీసింది. ఆమె సూత్రం చిన్నది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకో. సంతోషం కలిగితే ఉంచుకో, లేకపోతే ఇన్నాళ్లు పనికొచ్చినందుకు కృతజ్ఞత చెప్పి పంపించెయ్. తక్కువ వస్తువులతో బతకమనీ, ఆలోచించి కొనమనీ మన పత్రికల్లో వచ్చే వ్యాసాల మీద ఈ పుస్తకం నీడ కనిపిస్తూనే ఉంటుంది.

పెదపారుపూడి చుట్టుపక్కల కాలువ గట్ల మీద బతికే యానాదులం మేము దీన్ని ఎలా చదవాలి?

మెచ్చుకోవాల్సింది ముందు చెబుతాం. వస్తువుకు కృతజ్ఞత చెప్పడం మాకు కొత్త కాదు. వల కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. ఆ పేజీల్లో ఆమె మా మనిషిలాగే ఉంది.

చిక్కు తర్వాత వస్తుంది. ఆమె ప్రశ్న ఒక మనిషి ఒక వస్తువును అడిగే ప్రశ్న. మా దగ్గర చేపల మావు ఒకరిది, వేసేది బావమరిది, చేప పడితే కూర రెండిళ్లలో. ఎలుక కన్నంలోకి పొగ ఊదే కుండ నాలుగిళ్లు తిరుగుతుంది. అది ఎవరికి సంతోషం ఇవ్వాలి?

ఆలోచించి కొనడమూ అంతే. బియ్యం బస్తా ఒక్కసారే కొంటే చవక పడుతుందని మాకు తెలియక కాదు. అంత డబ్బు ఒక్కరోజు చేతిలో ఉండదు, ఉన్నా ఎలుక తగలకుండా, తడవకుండా దాచే చోటు లేదు. అందుకే నూనె చిన్న ప్యాకెట్టు. లెక్కేస్తే ఎక్కువ పెట్టేది మేమే. పారేసింది రేపు మళ్లీ కొనుక్కోగలిగిన వాళ్ల కోసం రాసిన పుస్తకం ఇది. ఆ మాట రచయిత్రి ఎక్కడా పైకి అనదు.

తక్కువ సామానుకు మా దగ్గర ఇంకో చరిత్ర ఉంది. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన నేరస్త జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. ఎరుకలనూ, యానాదుల్లో కొందరినీ ఆ జాబితాలో చేర్చారు. అలాంటి గుడిసెలో మంచి గిన్నె కనబడితే ఎక్కడిదన్న ప్రశ్నే ముందు వచ్చేది. చట్టం 1952లో రద్దయింది, చూపు అంత త్వరగా రద్దు కాలేదు.

ఇక కాగితాల అధ్యాయం. మేము ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. అన్నీ పారేయడమే నియమం, తప్పనిసరైనవి మినహాయింపు అంటుంది ఆమె. మా ఇళ్లలో ఆ మినహాయింపే మొత్తం ఆస్తి. ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ ఒక పాలిథిన్ కవరులో చుట్టి చూరులో దోపి ఉంటాయి. ఆధార్ లేని యానాదులు ఇప్పటికీ ఉన్నారు. అది లేకపోతే రేషన్ లేదు, పింఛను లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నందివాడ వైపు ఊళ్లను ముంచింది. అలాంటి నీళ్లు వస్తే గిన్నెలు పోయినా సంపాదించుకుంటాం, కవరు తడిస్తే మళ్లీ ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో. దాన్ని చేతిలోకి తీసుకుంటే సంతోషం కలగదు, గుండె దడే.

తక్కువతో బతకమని తెలుగులో రాసేవాళ్లు ఒకసారి మా గట్టు మీదికి వచ్చి ఆ అధ్యాయం చదవమని అడుగుతున్నాం. కవరు చూపిస్తాం. ముట్టుకునే ముందు చేతులు తడి లేకుండా తుడుచుకుంటే చాలు.